లక్ష్మీరాజం సారు మూడో గడి

మా లక్ష్మీరాజం సారుకు ఉన్నవాటిని లెక్కపెట్టడం చేతకాదు. లేనివాటినే లెక్కపెట్టేవారు. లెక్కల మాస్టరుకు ఇదేం రోగమని మీరు అడగొచ్చు. పదిహేనేళ్లు ఆయన పక్క తరగతిలో తెలుగు పాఠం చెప్పిన నేనూ అదే అడిగాను. ఆయన నా ముఖంలోకి చూసి, "పండిత్‌జీ, మీ నోట్ల పండ్లెన్ని?" అన్నారు. నేను నాలుకతో తడుముకుంటూ పదకొండు దాకా వెళ్లి, లెక్క తప్పి, మళ్లీ మొదటికి వచ్చాను.

"ఊడినయి ఎన్ని?"

"రెండు" అన్నాను టక్కున.

"గంతే మరి. ముప్పై ఉన్నయి. తక్కువున్నదాన్ని లెక్కవెట్టాలె. ఎక్కువున్నది దానంతట అదే తెలుస్తది."

గోదావరికి ఇవతలి ఒడ్డున, కరీంనగర్ జిల్లా కొసన ఉంది మా బడి. ఆయన తరగతిలో హాజరు తీసే పద్ధతి చూడాలి. పట్టీ తెరవరు. పేర్లు పిలవరు. తలుపు దగ్గర నిలబడి, "రానోళ్లు పలుకుండ్రి!" అనేవారు. రానివాళ్లు ఎలా పలుకుతారు? పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. కాసేపటికి వెనక బల్ల నుంచి ఎవడో లేచి, "సారూ, మా మల్లన్న పలుకుతలేడు" అనేవాడు. "శాబాష్. ఒకడు రాలే. నలభై ఆరు" అని ఆయన బోర్డు వైపు తిరిగేవారు.

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉన్న రోజుల్లో ఒక ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చారు. "ఎంతమంది హాజర్?" అని ఉర్దూలో అడిగారు.

"ముగ్గురు గైర్‌హాజర్, సాబ్."

"నేనడిగింది అది కాదు."

"ఎర్కనే సాబ్. మొత్తమెంతనో మీ చేతుల పట్టీలనే ఉన్నది. ముగ్గురిని తీసేయుండ్రి."

ఆ పెద్దమనిషి తీసివేత దగ్గర కాసేపు ఆగిపోయి, చివరికి "బహుత్ ఖూబ్" అని రాసి గుర్రం ఎక్కారు.

కూరగాయల గంగుబాయిది ఇంకో కథ. ఆమె గంప ముందు సారు కూర్చుంటే పావుగంట లేవరు. ఒక్కొక్క వంకాయనే తిప్పి చూసి, పుచ్చులన్నీ ఏరి పక్కన కుప్ప పోస్తారు. తరువాత "మిగిలినయన్ని మంచియే. అందులకెల్లి పావుసేరు ఎయ్యి" అంటారు. మొదట్లో గంగుబాయి తిట్టింది. రెండు వారాలకు తెలివి వచ్చింది. సారు ఇంకా వీధి మలుపులో ఉండగానే, "సారూ, ఇటు రాండ్రి, పొద్దటి నుంచి మీకోసమే చూస్తున్న!" అని కేకేసేది. ఆయన లేచి వెళ్లాక ఏరిపెట్టిన గంప ముందు జనం గుమిగూడేవారు.

ఇదంతా పిచ్చి కాదని, దీని వెనక పెద్ద లెక్క ఉందని ఆయన వాదన. ఒక గుడ్డసంచి తెచ్చేవారు. అందులో గురిగింజలు, చింతగింజలు ఉండేవి. ఒకణ్ణి పిలిచి చేయి పెట్టించి, ఒక గింజ పట్టుకోమనేవారు. "గురిగింజ వచ్చిందనుకో. చింతగింజ వచ్చినట్టా, రానట్టా?" "రానట్టు" అని తరగతంతా అరిచేది. "ఒక్క గింజ తీస్తే రెండూ రావు. ఒకటి అయితే ఇంకోటి కాదు. మంచిగున్నది. ఇప్పుడు చెప్పుండ్రి. చింతగింజ రాలేదు. అయితే గురిగింజ వచ్చినట్టేనా?"

"వచ్చినట్టే!"

ఆయన సంచిని బల్లమీద బోర్లించేవారు. గురిగింజలు, చింతగింజలు, వాటి నడుమ ఒకే ఒక్క కందిగింజ. "మూడోది చూసినవారా? మూడోది ఉన్నదో లేదో చూడకుంటనే వచ్చినట్టే అంటరా? ఒకటయితే ఇంకోటి కాదు అనుడు వేరు. ఒకటి కాకుంటే ఇంకోటే అనుడు వేరు. రెండూ కలిస్తే మొత్తం నిండాలె. సందు ఉండొద్దు. సందుల కందిగింజ ఉంటది!"

ఆ కందిగింజ మా బడినంతా పట్టుకుంది. జమ్మికుంట నుంచి మా బాపు ఉత్తరం రాలేదని ఒకరోజు బెంగపడుతూ, "మంచి వార్తో, చెడ్డ వార్తో" అన్నాను. "మూడోది చూసినవా పండిత్‌జీ? అసలు వార్తనే లేకపోవచ్చు" అన్నారు. ఆ ఒక్కమాటకు నాకు ఆ పూట అన్నం సహించింది.

ఒక్కసారి మాత్రం ఆయనే ఓడిపోయారు. ఏడో తరగతి అంజన్న వచ్చి, "నేను పాస్ అయితనా సారూ?" అని అడిగాడు. "పాసన్న అయితవు, ఫేలన్న అయితవు. ఇక్కడ మూడోది లేదు పో" అన్నారు. "ఉన్నది సారూ. మా బాపు పరీక్షకే పోనియ్యడట. పత్తి ఏరనీకి రమ్మంటుండు" అన్నాడు అంజన్న. మర్నాడు ఆదివారం సారు ఎండలో నాలుగు కోసులు నడిచి వాళ్ల చేనుకు వెళ్లి, అంజన్న వాటా పత్తి తానే ఏరి వచ్చారు. రెండు చేతులూ గీసుకుపోయాయి. సోమవారం సుద్దముక్క పట్టుకోలేక నోటితోనే పాఠం చెప్పారు. మేము స్టాఫ్‌రూములో నవ్వుకున్నాం. ఆయన్ని చూసి నవ్వుకోవడం మాకు ఒక అలవాటు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇక పడవ సంగతి చెప్పాలి.

అప్పట్లో గోదావరి దాటాలంటే పడవే గతి. అవతలి ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. అక్కడ ప్రతి ఆదివారం అంగడి. 1953 శ్రావణంలో ఒక ఆదివారం, వాన ముసురులో, అంగడి ముగిశాక ఇవతలికి వస్తున్న పడవ నడి గోదావరిలో మునిగింది. నడిపే హనుమండ్లు ఒక్కడు ఈది బయటపడ్డాడు. పదకొండు శవాలు దొరికాయి. ఎక్కింది ఎందరో ఎవరికీ తెలియదు. తోపులాటలో ఎవరు ఎక్కారో చూడలేదని హనుమండ్లు ఏడ్చాడు.

మా బడిలో గంట కొట్టే కొండల్ ఆ పొద్దున పాలమేక కొంటానని అంగడికి వెళ్లాడు. తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. అతని భార్య యాదవ్వ మా బడిలో నీళ్లు పోసేది. వాళ్లకు పిల్లలు లేరు.

పది రోజులయ్యాక కొండల్ అన్న సాంబయ్య ఇద్దరు కులపెద్దలను వెంటపెట్టుకొని వచ్చాడు. దినాలు చేయాలి, గాజులు తీయాలి, బొట్టు తుడవాలి అన్నాడు. సాంబయ్య చెడ్డవాడు కాదు. కర్మ జరగకపోతే తమ్ముడి ప్రాణం దిక్కులేక తిరుగుతుందని అతని భయం. యాదవ్వ బడి గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ కొంగులో దాచుకొని కూర్చుంది. "ఆయన పడవ ఎక్కిండని ఎవలన్న చూసిండ్రా?" అని ఒకే మాట అడుగుతోంది.

అప్పుడు తరగతిలోంచి సుద్దచేతులతో లక్ష్మీరాజం సారు బయటికి వచ్చారు.

"సాంబయ్యా, ఎక్కినోళ్లను లెక్కవెట్టుడు మనతోని కాదు. ఎక్కనోళ్లను లెక్కవెడుదాం. ఆ దినం అంగడికి పోయి పడవ ఎక్కనోళ్లు ఎందరో, ఎవరెవరో నేను తీస్త. అందుల కొండల్ ఉన్నడా లేడా తేలుతది."

"లేకుంటే ఎక్కినట్టేనా సారూ?" అన్నాడు సాంబయ్య.

"అట్లెట్ల? మూడోది చూసినవా? పడవ ఎక్కకుంట, అంగడిల ఉండకుంట, బండి బాట పట్టి చాందా దిక్కు పోయి ఉండొచ్చు. అది మూడో గడి. మూడు గడులు నిండేదాక లెక్క కానట్టే. లెక్క అయ్యేదాక ఆమె గాజుల జోలికి ఎవలు పోవద్దు."

కులపెద్దలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. కానీ లెక్కల సారు లెక్క అన్నాక కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఆ వారం నుంచి ప్రతి ఆదివారం సారు, చంకలో కాగజ్‌నగర్ కాగితంతో కుట్టుకున్న లావుపాటి పుస్తకంతో గోదావరి దాటేవారు. సాయంత్రం తిరిగి వచ్చేవారు. సోమవారం పొద్దున యాదవ్వ కుండ దించి, "సారూ, లెక్క అయ్యిందా?" అని అడిగేది. "ఇంకా కాలే. మూడో గడి నిండలే" అనేవారు. సెలవులైనా సరే, ఆయన ఇంటికి నీళ్లు తెచ్చినప్పుడు అడిగేది. అదే ప్రశ్న, అదే జవాబు.

ఒక ఏడాది గడిచింది. రెండేళ్లు గడిచాయి. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. పుష్కరాలు వచ్చి వెళ్లాయి. సేర్లు పోయి కిలోలు వచ్చాయి. సారు లెక్క మాత్రం తెగలేదు. ఊళ్లో అదొక పలుకుబడి అయిపోయింది. రోడ్డు ఎప్పుడు పడుతుందంటే "సారు లెక్క తెగిన్నాడు" అనేవారు. ఒకసారి నేనే స్టాఫ్‌రూములో, "ఏం సారూ, ఈ వారం కందిగింజ దొరికిందా?" అని ఎగతాళి చేశాను. ఆయన కోపగించుకోలేదు. "మీరు సుత రాండ్రి పండిత్‌జీ, వెతుకుదాం" అన్నారు. నాకు నీళ్లంటే ప్రాణభయం. ఒక్కసారీ వెళ్లలేదు.

రెండో ఏడు ఒక ఆదివారం ఆయన చంకలో పుస్తకంతో పాటు ఒక మేకపిల్లను వేసుకొని పడవ దిగారు. "అంగడిల సస్తగ వచ్చింది, కొన్న. నాకేం పని, నువ్వు సాదుకో" అని యాదవ్వకు ఇచ్చేశారు. వంకాయలు కొనడానికి పావుగంట పట్టే మనిషి మేకను కొన్నాడంటే మేము నెలరోజులు నవ్వుకున్నాం. పుచ్చు మేకలన్నీ పక్కన పెట్టి ఇది తెచ్చాడన్నాం.

1966 మాఘంలో సారుకు జ్వరం వచ్చింది. మూడు రోజులే. భార్య ఎప్పుడో, 1950కి ముందే, కలరా గత్తరలో పోయింది. పిల్లలు లేరు. యాదవ్వ గంజి కాచి తెచ్చేది, నేను తాగించేవాణ్ణి. మూడో రోజు మధ్యాహ్నం తలగడ కింద నుంచి ఆ పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. "యాదవ్వకు చదివి చెప్పకు" అన్నారు. కాసేపాగి, "ఇయ్యాల తరగతిల రానోళ్లెవరు?" అన్నారు. "మీరొక్కరే సారూ" అన్నాను. ఆయన తృప్తిగా తల ఊపారు. సాయంత్రానికి పోయారు. బడికి వెళ్లి ఆయన తరగతి తలుపు దగ్గర నిలబడి నేను పెద్దగా ఏడ్చాను.

తొమ్మిదో రోజు ధైర్యం చేసి పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో మూడు గడులు. రెండో గడి, పడవ ఎక్కనివాళ్లది, కిక్కిరిసి ఉంది. ఊరు, ఇంటిపేరు, ఏ దారిన ఇంటికి చేరింది, అన్నీ రాసి నూటనలభై మూడు పేర్లు. కొండల్ పేరు లేదు. నూటనలభై నాలుగో వరుసలో "కొండల్ కొన్న మేక" అని ఉంది. దాని కింద సన్నని అక్షరాలతో ఇలా రాసి ఉంది:

"హనుమండ్లు చెప్పిండు. జాగ లేకున్నా కొండల్‌కు తానే చెయ్యిచ్చి ఎక్కించుకున్నడు. మనిషికే జాగ లేదు, మేకను ఇడిసి రమ్మన్నడు. మేక అవతలి ఒడ్డు మీద గులాం నబీ హోటల్ గుంజకు కట్టి ఉన్నది. మూడో గడి సున్న. లెక్క అయిపోయింది."

తేదీ చూశాను. 1953 కార్తీకం. మొదలుపెట్టిన మూడు నెలలకే లెక్క అయిపోయింది!

మరి మిగిలిన పన్నెండేళ్లు ఈయన ప్రతి ఆదివారం ఏం చేశారు? పేజీ తిప్పాను. వరసగా సోమవారాల తేదీలు. కొన్నింటి ఎదురుగా ఒక్క మాట: "ఏడ్వలే." మిగతా చోట్ల ఖాళీ. యాదవ్వ ఏడ్చిన రోజులను ఆయన లెక్కపెట్టలేదు. ఏడవని రోజులనే లెక్కపెట్టారు. 1954లో తొమ్మిది. మరుసటి ఏడు ఇరవై ఒకటి. 1960లో నలభై నాలుగు. ఒకచోట అంచున రాసుకున్నారు: "ఏడాదిల యాభై రెండు సోమవారాలు. యాభై రెండుకు యాభై రెండు అయిన ఏడు, ఆమెకు నిజం చెప్పాలె." చివరి నాలుగేళ్లూ యాభై ఒకటి దగ్గరే ఆగిపోయింది. ఖాళీగా ఉన్న ఆ ఒక్క సోమవారం ప్రతి ఏడూ శ్రావణంలోనే ఉంది.

నడుమ ఒక పేజీలో ఇంకో మాట కనబడింది. "మేక ఈనింది. పిల్లను యాదవ్వకు ఇచ్చిన. కొన్నానని చెప్పిన. కొండల్ మేక ఇంటికి చేరింది."

పుస్తకం ఒళ్లో పెట్టుకొని అలాగే కూర్చున్నాను. యాదవ్వ సారు గది ఊడ్వడానికి వచ్చింది. చదివి చెప్పొద్దన్నారు. కానీ నా ముఖం దాచుకోవడం నాకు చేతకాదు. ఆమె చీపురు పక్కన పెట్టి కూర్చుంది.

"లెక్క ఎప్పుడో అయ్యిందని రాసుకున్నడా సారు?"

నేను ఉలిక్కిపడ్డాను. "నీకెట్ల తెలుసు యాదవ్వా?"

"హనుమండ్లు తొల్త నాకే చెప్పిండు. నా కాళ్ల మీద పడి ఏడ్సిండు. సారుకు చెప్పకని నేను ఒట్టు పెట్టిచ్చుకున్న. మల్ల పాపం ఉండవట్టక సారుకు సుత చెప్పిండట. యాదవ్వకు చెప్పకని సారు సుత ఒట్టు పెట్టిచ్చుకున్నడట. రెండు ఒట్లు నెత్తిన పెట్టుకొని పన్నెండేండ్ల నుంచి మా ఇద్దరి ముందట తలెత్తకుంట తిరుగుతుండు వాడు."

ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటేనే నా కళ్లు తడిశాయి.

"మరి ప్రతి సోమవారం ఎందుకు అడిగినవు?"

"ఎందుకంటే ఏం చెప్పాలె సారూ. లెక్క కాలేదంటే నా చేతులకు గాజులున్నయి. పొద్దుగాల నేను నీళ్ల కుండతోని ఎదురొస్తే పిల్లలు ఎన్కకు తిరిగి పోలే. అది ఒకటి. ఇంకోటి, ఇంట్ల ఎవ్వలు లేని మనిషి ఆయన. ఐతారం వస్తే తలుపేసుకొని పండుతుండె, తింటుండెనో లేదో. లెక్క ఉన్నదంటే నది దాటుతడు, నలుగురితోని మాట్లాడుతడు, గులాం నబీ హోటల్ల రొట్టె తింటడు. నేను అడుగుడు బంద్ చేస్తే ఆయన పోవుడు బంద్ చేస్తడు. గందుకే అడిగిన."

ఆమె నవ్వు ముఖం మీదే ఉంది. శ్రావణంలో ఆ ఒక్క సోమవారం సంగతి అడగాలనిపించింది. అడగలేదు. ఆమే చెప్పింది. "ఏడాదికి ఒక్కనాడు సుత ఏడ్వకుంటే నేను మనిషినేనా సారూ."

అప్పుడు ఆమెకు తెలియనిది నా దగ్గర ఒక్కటే మిగిలింది. "యాదవ్వా, సారు నీకిచ్చిన మేకపిల్ల కొన్నది కాదు. కొండల్ ఆ దినం నీకోసం కొన్న మేకకు పుట్టింది."

పెరట్లో ఆమె వెంట వచ్చిన ఆ మేక సంతతి నాలుగు, కంచె మీది ఆకులు లాగుతున్నాయి. ఆమె లేచి వెళ్లి వాటిలో ముసలి మేక మెడ చుట్టూ చేతులు వేసి కూర్చుంది. ఆమె గాజులు గలగలమన్నాయి. నేను అటు చూడలేకపోయాను.

మర్నాడు పదో రోజు. సారు దినం భోజనాల తరువాత సాంబయ్య చేతులు కడుక్కొని నా దగ్గరికి వచ్చాడు. ముసలివాడయ్యాడు. వెనక కులపెద్దలు ఇద్దరూ ఉన్నారు.

"సారు పోయిండు. లెక్క సుత పోయినట్టే గదా పంతులూ. ఇగ నా తమ్మునికి దినాలు చెయ్యనియ్యుండ్రి. నేను కండ్లు మూసేలోపల చెయ్యాలె."

గోడ పక్కన యాదవ్వ చేతులు కొంగులో దాచుకుంది. పన్నెండేళ్ల కిందట కూర్చున్నట్టే కూర్చుంది. పుస్తకం నా చంకలో ఉంది. అందులో పూర్తయిన లెక్క ఉంది. నేను జీవితంలో ఎన్నడూ లెక్కల విషయంలో అంత గట్టిగా మాట్లాడలేదు.

"దినాలు చేసుకో సాంబయ్యా. తమ్ముని మీద నీ ప్రేమ నీది. గాజుల సంగతి వేరు. లెక్క పోలే. నాకు అప్పజెప్పి పోయిండు. మూడో గడి ఇంకా ఉన్నది."

"మీకా?" సాంబయ్య నోరు తెరిచాడు. "మీకు లెక్కలు వస్తయా?"

ఊరంతటికీ తెలిసిన సంగతే. పరీక్ష మార్కులు నేను కూడితే లక్ష్మీరాజం సారు మళ్లీ కూడేవారు.

"రావు" అన్నాను.

"మరి ఎప్పటికి అయితది?"

"అది మాత్రం చెప్పలేను."

సాంబయ్య నా వంక చూశాడు. పుస్తకం వంక చూశాడు. మరదలి వంక చూశాడు. మెల్లగా భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకొని, "గట్లనే కానియ్యుండ్రి. ఫికర్ లేదు. నాకు దినాలు చేసుకునుడు దొరికింది, గంతే చాలు" అన్నాడు. కులపెద్దలు ఇద్దరూ లెక్క అర్థమైనట్టు తలలూపారు.

ఆ ఆదివారం నేను గోదావరి దాటాను. కళ్లు మూసుకొని పడవ అంచు రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాను. నన్ను చూసి హనుమండ్లు మొదటిసారి తలెత్తి నవ్వాడు. అవతలి ఒడ్డున గులాం నబీ, సారు గురించి అడిగి, ఏడ్చి, ఎంత చెప్పినా వినకుండా రెండు రొట్టెలు తినిపించాడు.

సోమవారం పొద్దున యాదవ్వ బడి వసారాలో కుండ దించింది. చేతుల నిండా గాజులు.

"సారూ, లెక్క అయ్యిందా?"

"ఇంకా కాలే యాదవ్వా. మూడో గడి నిండలే. పైంగ నిన్న కూడితే ఒక మేక తక్కువ వచ్చింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నేను పుస్తకం తెరిచి, తేదీ వేసి, "ఏడ్వలే" అని రాశాను. ఏడవనంత మాత్రాన నవ్వినట్టు కాదు, నడుమ మూడోది ఉంటుందని సారు ఎన్నిసార్లో చెప్పారు. అందుకని తలెత్తి ఇంకోసారి సరిచూసుకొని, పక్కన చేర్చాను: "నవ్వింది."